ప్రమాదం లేని రోజుల బోర్డు మీద పీహెచ్‌డీనా?

ప్రశ్న: మాది గాజువాక. ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి కెమికల్ ఇంజినీరింగ్‌లో బీటెక్, ఇండస్ట్రియల్ సేఫ్టీలో ఎంటెక్ చేసింది. మూడేళ్లుగా పరవాడ ఫార్మా సిటీలో సేఫ్టీ ఆఫీసర్. ఇప్పుడు ఉద్యోగం మానేసి, కంపెనీలు భద్రతను ఎలా కొలుస్తున్నాయి, ఎలా రిపోర్టు చేస్తున్నాయి అన్న దాని మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. గేటు దగ్గర బోర్డు మీద ‘ప్రమాదం లేని రోజులు’ అని అంకె రాస్తారు కదా, అందులో అయిదేళ్లు పరిశోధించేది ఏముంటుందండీ? మరోపక్క పెళ్లి సంబంధాలు కూడా చూస్తున్నాం. టెన్షన్‌గా ఉంది.

జవాబు: నమస్కారమండీ. మీ అమ్మాయి పరిశోధన మొదలయ్యేదే మీరు చెప్పిన ఆ బోర్డు దగ్గర. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరు రాస్తారు? ఏది రాయకుండా వదిలేస్తారు?

కొన్నేళ్ల కిందట విద్యార్థుల ఇంటర్న్‌షిప్‌ల పని మీద ఒక ఫ్యాక్టరీకి వెళ్లాను. స్టోర్స్ పక్కన ఒకతను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుడి చేతికి మోచేతి దాకా కట్టు. ముందు బల్ల మీద ఒక రిజిస్టరు, పెన్ను. పేజీ మాత్రం ఖాళీ. ‘ఏం పని బాబూ?’ అని అడిగితే, ‘కూర్చోవడమే సార్, మస్టరు పడుతుంది’ అన్నాడు. ఇంటి దగ్గర పడుకుంటే అతని దెబ్బ పనిదినం పోయిన ప్రమాదం కింద లెక్కలోకి వస్తుంది. కుర్చీలో కూర్చుంటే రాదు. బయటికొచ్చేటప్పుడు బోర్డు చూశాను. ఆ రోజు అంకె 412. నేను చూసిన చెయ్యి ఆ అంకెలో లేదు.

మీరు 31 ఏళ్లు ఫిట్టర్‌గా చేశారు. ఇలాంటి కుర్చీ మీకు కొత్త కాదనుకుంటాను.

ఒక చిన్న లెక్క చూడండి. కంపెనీలు ఎక్కువగా చెప్పుకునే అంకె ఎల్‌టీఐఎఫ్‌ఆర్. అంటే పది లక్షల పని గంటలకు, పనిదినాలు పోగొట్టిన దెబ్బలు ఎన్ని అని. 400 మంది ఉన్న యూనిట్‌లో మనిషికి ఏడాదికి 2,400 గంటల చొప్పున మొత్తం 9 లక్షల 60 వేల గంటలు. ఏడాదిలో ఒక్క దెబ్బ నమోదైతే రేటు 1.04. రెండు నమోదైతే 2.08. ఒకే ఒక్క మనిషి కుర్చీలో కూర్చున్నాడా, ఇంటికెళ్లాడా అన్న దాన్ని బట్టి ఆ కంపెనీ ‘భద్రత’ సగమవుతుంది, లేదా రెట్టింపవుతుంది. దాని మీదే మేనేజర్ల ఇంక్రిమెంట్లు, కాంట్రాక్టర్ల బిల్లులు ఆధారపడి ఉన్నచోట ఆ కుర్చీ ఎందుకు పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు.

మన ప్రభుత్వ లెక్కలదీ ఇదే కథ. దేశంలో రిజిస్టరైన ఫ్యాక్టరీల్లో 2017 నుంచి 2020 వరకు ఏడాదికి సగటున 1,109 మంది చనిపోయారు, 4,000 మందికి పైగా గాయపడ్డారు. ఒక చావుకి నాలుగే గాయాలన్నమాట. షాప్‌ఫ్లోర్ మీద పనిచేసిన మీకు ఆ లెక్క నమ్మబుద్ధేస్తుందా? చావుని దాచడం కష్టం. వేలు తెగితే దాచేస్తారు.

అన్ని దెబ్బలూ నిజాయితీగా రాసినా ఇంకో చిక్కు ఉంది. 2010 ఏప్రిల్ 20న మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. ఏడేళ్లుగా పనిదినం పోయిన ప్రమాదం ఒక్కటీ లేదని సిబ్బందిని మెచ్చుకోవడానికి వచ్చిన పెద్ద అధికారులు ఆ రోజు ఆ రిగ్గు మీదే ఉన్నారు. అంతకు అయిదేళ్ల ముందు టెక్సాస్ సిటీలోని బీపీ రిఫైనరీలో పేలుడు జరిగి 15 మంది పోయారు. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ నాయకత్వంలో వేసిన కమిటీ 2007లో నివేదిక ఇస్తూ, వ్యక్తిగత గాయాల రేటు బాగుందని నమ్ముకుని ప్రాసెస్ భద్రతను, అంటే ప్లాంటులో రసాయనాలు, ప్రెషర్ అదుపు తప్పకుండా చూసుకోవడాన్ని, చూడలేకపోయారని తేల్చింది. జారిపడ్డవాళ్లని లెక్కపెట్టినంత మాత్రాన రియాక్టర్‌లో పెరిగే ప్రెషర్ తెలియదు కదండీ. 2020లో విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో లీకైన స్టైరీన్ విషవాయువు, 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా ప్రమాదంలో పోయిన 17 మంది... మీ చుట్టుపక్కల వాళ్లకి ఇవి పేపర్లో చదివిన వార్తలు కావు. మీ అమ్మాయి రోజూ ఆ పొగగొట్టాల మధ్య నుంచే ఇంటికొస్తోంది. ఈ ప్రశ్న ఆమెకి ఊరికే పుట్టలేదు.

కాబట్టి సబ్జెక్టు మంచిదే. కాకపోతే ఇప్పుడు ఆమె చెబుతున్న రూపంలో అది మరీ పెద్దది. ‘భద్రతను కొలవడం, రిపోర్టు చేయడం’ అంటే ఏ గైడూ ఒప్పుకోరు. అందులోంచి ఒక్క పాయ పట్టుకోవాలి. నన్ను అడిగితే రెండు దారులు చెబుతాను.

ఒకటి, కాగితాల మీద నడిచే దారి. సెబీ నిబంధన ప్రకారం 2022-23 నుంచి దేశంలోని మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక (వ్యాపార బాధ్యత, సుస్థిరత మీద ఇచ్చేది) ఏటా ఇవ్వాలి. అందులో ఉద్యోగులకు, కార్మికులకు విడివిడిగా ఎల్‌టీఐఎఫ్‌ఆర్, నమోదైన గాయాలు, మరణాలు, తీవ్ర గాయాలు రాయాలి. అవన్నీ బహిరంగంగా దొరుకుతాయి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మరణాలు కనిపించి గాయాలు సున్నా అని రాసిన కంపెనీలు ఎన్ని? కాంట్రాక్టు వాళ్ల పని గంటలు లెక్కలో కలిపారా? గత ఏడాది అంకెను ఈ ఏడాది చడీచప్పుడు లేకుండా మార్చారా? ఓపికగా కూర్చుని చదివితే మంచి థీసిస్ తయారవుతుంది.

రెండోది షాప్‌ఫ్లోర్ మీది దారి. నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. 1980లో డోవ్ జోహార్ అనే ఇజ్రాయెల్ పరిశోధకుడు 20 ఫ్యాక్టరీల కార్మికులను ప్రశ్నలడిగి, మా మేనేజ్‌మెంట్ భద్రతను నిజంగా పట్టించుకుంటోందా అన్న వాళ్ల నమ్మకాన్నే కొలవొచ్చని చూపించాడు. సేఫ్టీ క్లైమేట్ అనే మాట అక్కడి నుంచే బాగా వ్యాపించింది. తర్వాత అమెరికాలో టహీరా ప్రాబ్‌స్ట్ బృందం 38 నిర్మాణ కంపెనీల్లో వెతికితే, ఆ వాతావరణం బాగాలేని చోట రాయాల్సిన గాయాల్లో 81 శాతం రికార్డుకెక్కలేదు. బాగున్నచోట కూడా 47 శాతం ఎక్కలేదు. అంటే తక్కువ అంకె చూపించే కంపెనీ బాగా నడుస్తున్నదై ఉండొచ్చు, బాగా భయపెడుతున్నదీ అయి ఉండొచ్చు. ఆ రెంటినీ విడదీసి చెప్పగలిగే పద్ధతి మన ఫార్మా యూనిట్లకి కావాలి.

ఇక్కడ మీ అమ్మాయికి ఉన్న బలం చాలామంది పరిశోధకులకి ఉండదు. ఇంగ్లిష్‌లో అచ్చేసిన ప్రశ్నపత్రం కాంట్రాక్టు కార్మికుడి చేతిలో పెడితే, పక్కవాడు ఏ గడిలో టిక్ పెట్టాడో చూసి తనూ అక్కడే పెడతాడు. ‘నియర్ మిస్’ అంటే అతనికేం తెలుస్తుంది? ‘కొద్దిలో తప్పిపోయింది’ అని అడిగితే పది సంగతులు చెబుతాడు. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లతో తెలుగులో, ఒడిశా నుంచి వచ్చినవాళ్లతో మనిషిని పెట్టుకుని ఒడియాలో అడగాలి. అదీ సూపర్‌వైజర్ కనుచూపు మేరలో కాదు, షిఫ్టు దిగాక టీ కొట్టు దగ్గర.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను: ఇప్పుడే రాజీనామా ఇవ్వొద్దనండి. ముందు గైడు దొరకాలి, తర్వాత డేటా ఎక్కడి నుంచి వస్తుందో తేలాలి. ఈ రంగంలో ఆగిపోయే థీసిస్‌లు ఎక్కువగా కంపెనీ లోపలికి రానివ్వకపోవడం వల్లే ఆగుతాయి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం యజమాని దగ్గర అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) తీసుకుని పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేయొచ్చు. కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. అయితే తన సొంత కంపెనీ రిజిస్టర్లని ఫోన్‌లో ఫొటో తీసుకుని వాడుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. రాతపూర్వక అనుమతి ఉండాలి. మాట్లాడిన కార్మికుల పేర్లు ఎక్కడా బయటపడకూడదు. ఆమెకి పోయేది ఒక అధ్యాయం, వాళ్లకి పోయేది ఉద్యోగం.

ఫుల్‌టైమ్ అయితే ఫెలోషిప్ లేకుండా చేరొద్దు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఇప్పుడొచ్చే జీతంతో పోల్చుకుని ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. ఎక్కడ చేయాలన్నది కాలేజీ పేరు చూసి కాదు, గైడుని చూసి తేల్చుకోవాలి. ఖరగ్‌పూర్ ఐఐటీలో సేఫ్టీ అనలిటిక్స్‌కి ప్రత్యేక కేంద్రమే ఉంది. ఒకప్పటి నిటీ, ఇప్పటి ఐఐఎం ముంబయిలో భద్రత చదువుకి పాత పునాది ఉంది. రిపోర్టింగ్ వైపు మొగ్గితే మీ ఊళ్లోనే ఐఐఎం విశాఖపట్నంలో అడిగి చూడాలి. విదేశాలంటే నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్, ఆస్ట్రేలియాలో గ్రిఫిత్, అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం. నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ అంటే చాలావరకు జీతమిచ్చే ఉద్యోగమే.

చదివాక ఏంటి అంటారేమో. యూనివర్సిటీల్లో భద్రత ఒక్కటే బోధించే పోస్టులు తక్కువ, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. కానీ బీఆర్‌ఎస్‌ఆర్ అంకెలను బయటివాళ్లు సరిచూడాలన్న నియమం 2023 నుంచి దశలవారీగా వస్తోంది. అంకె వెనకున్న రిజిస్టర్‌ని చదవగలిగిన మనిషి ఆడిట్ సంస్థలకి, కన్సల్టెన్సీలకి, పెద్ద కంపెనీల కార్పొరేట్ ఆఫీసులకి కావాలి. మూడేళ్లు ప్లాంటులో తిరిగి, పైన పీహెచ్‌డీ కూడా ఉన్నవాళ్లు అంత తేలిగ్గా దొరకరు.

పెళ్లి సంగతి ఆమెతోనే మాట్లాడండి. సంబంధం చూసేటప్పుడే అబ్బాయి వాళ్లకి ఈ చదువు సంగతి ముందు చెప్పేస్తే సరిపోతుంది.

ఈ ఆదివారం ఒక పని చేయండి. అమ్మాయిని నోటుబుక్కు తీసుకుని మీ పక్కన కూర్చోమనండి. మీ 31 ఏళ్లలో రిజిస్టర్‌కెక్కని దెబ్బలు ఏవేవి, అవి ఎందుకు ఎక్కలేదు, అప్పుడు ఎవరు ఏమన్నారు అన్నవి గుర్తున్నంత వరకు చెప్పండి. పేర్లు వద్దు, సంఘటనలు చాలు. గైడుకి పంపాల్సిన రెండు పేజీల ప్రతిపాదనని ఆమె అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. రాశాక నాకూ పంపమనండి, చదివి చెబుతాను.