టెక్ సందేహాలు: రాత్రి మూడింటికి బాట్ మాట ఎవరు వింటారు?

ప్రశ్న: మేం భీమవరంలో ఆరుగురం కలిసి రొయ్యల చెరువుల రైతులకు యాప్ నడుపుతున్నాం. నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్ ఆగినా, ఆక్సిజన్ పడిపోయినా పనులు నమోదు చేసుకునే జిరా సాఫ్ట్‌వేర్‌లో టికెట్ దానంతటదే తయారై, మేం రాసుకున్న స్క్రిప్ట్ ద్వారా, బాట్ పేరుతో, మా ఆఫీసు చాట్ యాప్ స్లాక్‌లోని ఛానల్‌లో పడుతుంది. మా రోజువారీ పనుల టికెట్లూ అందులోకే వస్తాయి. మొన్న ఉండి ఊరి దగ్గర ఒక చెరువు అలర్టును ఎవరూ చూడలేదు. సెట్టింగ్ ఏదైనా మార్చాలా? (కొత్తవాళ్ళు వెతుక్కోకుండా ఆ స్క్రిప్ట్ స్లాక్‌లోకి మెసేజ్ పంపే వెబ్‌హుక్ లింకును మా వాట్సాప్ గ్రూపులో పెట్టుకున్నాం.)

జవాబు: "అలర్టు వచ్చింది కానీ ఎవరూ చూడలేదు" అంటూ నెలకొక ఉత్తరమైనా వస్తుంది నాకు. ఊరు మారుతుంది, కారణం మారదు. ఎవరో లోగో రంగు మీద కామెంట్ పెట్టారన్నదీ, చెరువులో ఆక్సిజన్ పడిపోతోందన్నదీ ఒకే ఛానల్‌లో ఒకే గొంతుతో చెబితే మనిషి రెండో రోజే మ్యూట్ నొక్కుతాడు. కాలువ నీళ్ళన్నీ ఒక్క బోదెలోకే వదిలి, చేను మునిగిందని ఏడిస్తే ఎలా?

స్క్రిప్ట్ పక్కన పెట్టి, జిరా వాళ్ళదే స్లాక్ యాప్ ఉంది, అది పెట్టుకోండి. ఏ రకం టికెట్లు, ఏ ప్రయారిటీవి ఏ ఛానల్‌కి వెళ్ళాలో అందులోనే వడకట్టుకోవచ్చు. చెరువుల అలర్టులకు ఛానల్ వేరే ఉండాలి.

అయినా చాలదు. ఆక్సిజన్ ఎప్పుడు పడిపోతుందో భీమవరం వాళ్ళకు నేను చెప్పాలా? రాత్రంతా ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు), రొయ్యలు పీల్చుకోవడమే తప్ప తయారు చేసేది ఉండదు కాబట్టి తెల్లవారుజాముకి అడుగంటుతుంది. స్లాక్‌లో డూ నాట్ డిస్టర్బ్ వేళలు, ఎవరూ మార్చకపోతే, రాత్రి 10 నుంచి ఉదయం 8 దాకా. మీ అలర్టు సరిగ్గా ఫోన్లన్నీ మూగబోయిన వేళ చూసుకుని వస్తోందన్నమాట. ఇలాంటిదానికి చాట్ పనికిరాదు. ఫోన్ మోగాలి. ఎత్తకపోతే ఇంకొకరికి, ఆ తర్వాత నేరుగా రైతుకి మోగాలి. ఛానల్‌లో పడేది తెల్లారాక చూసుకునే లెక్క, అంతే.

ఇక మీరు బ్రాకెట్‌లో రాసిన మాట. నాకు అసలు టెన్షన్ పుట్టించింది అదే. వెబ్‌హుక్ లింకుకు వేరే పాస్‌వర్డ్ ఉండదు. ఆ పొడుగాటి అక్షరాల వరసే తాళంచెవి. అది దొరికినవాడెవడైనా మీ బాట్ మాట్లాడినట్టే మీ ఛానల్‌లో రాయగలడు. అక్కడున్నవి చదవలేడు, నిజమే. రాయగలిగితే చాలదా? "జిరా సెషన్ ముగిసింది, మళ్ళీ లాగిన్ అవ్వండి" అని ఒక దొంగ లింకు పెడితే మీ ఆరుగురిలో నొక్కనివాళ్ళు ఎందరు? బయటి మెయిల్ అయితే ఒకటికి రెండుసార్లు చూస్తారు. రోజూ మాట్లాడే బాట్‌ను ఎవరు అనుమానిస్తారు? లేదా "ఆక్సిజన్ మామూలు స్థాయికి వచ్చింది" అని రాసిపెట్టినా చాలు, మీరు హాయిగా పడుకుంటారు.

ఇలాంటి లింకులు పబ్లిక్ కోడ్‌లో బయటపడితే స్లాక్ తనే వెతికి రద్దు చేస్తుంది. మీ వాట్సాప్ గ్రూపులోకి అది తొంగి చూడలేదు. మానేసినవాళ్ళను గ్రూపులోంచి తీసేసినా పాత మెసేజ్ వాళ్ళ ఫోన్లో అలాగే ఉంటుంది. ఇంకో సంగతి, స్క్రిప్ట్ ఆపినంత మాత్రాన లింకు చావదు. స్లాక్‌లోకి వెళ్ళి ఆ వెబ్‌హుక్‌నే తొలగించాలి. ఈ పత్రిక మూసి ముందు ఆ పని చూడండి.

ప్రశ్న: మా వాళ్ళకు వాట్సాప్ తప్ప ఇంకోటి అలవాటు లేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పనుల జాబితా యాప్ ట్రెల్లోలోని కార్డులను గ్రూపులోకి పంపే ఉచిత టూల్ ఒకటి దొరికింది. వాడొచ్చా? (పాలకొల్లు)

జవాబు: వద్దు. ఆ స్కాన్‌తో ఎవరిదో సర్వర్ మీ వాట్సాప్‌కు లింక్డ్ డివైస్ అయి కూర్చుంటుంది. ఆ గ్రూపొక్కటే కాదు, మీ ఇంటి చాట్లూ దాని ముందుంటాయి. పైగా నంబర్ బ్యాన్ కావచ్చు. టెలిగ్రామ్‌లో బాట్లకు అధికారికంగానే చోటుంది. గ్రూపులో చేర్చిన బాట్‌కు, మనం మార్చకపోతే, అందరి మాటలూ కనబడవు, దాన్ని ఉద్దేశించినవే కనబడతాయి.

అన్నట్టు, ఈ వ్యవహారంలో తయారీదారులూ తక్కువ తినలేదు. పేరు ఎందుకులెండి, ఒక పెద్ద చాట్ సాధనం వాళ్ళు 2024 జూలైలో "పాత కనెక్టర్లన్నీ (బయటి యాప్‌ల కబుర్లను ఛానల్‌లోకి తెచ్చేవి) అక్టోబరు 1 నుంచి పనిచేయవు" అని ప్రకటించారు. మూడు నెలలు కూడా లేవు. జనం గోల పెట్టాక అదే నెలలో గడువును ఏడాదికి పైగా పొడిగించారు. అది మొదటే చేయడానికి ఏం అడ్డమొచ్చిందో! కొత్త పద్ధతిలోకి మారాలంటే పాతది ఎవరు పెట్టారో తెలియాలి కదా. తణుకు నుంచి రాసిన ఒకాయన ఆఫీసులో ఆ కనెక్టర్ పెట్టిన మనిషి మానేసి రెండేళ్ళయిందట, లాగిన్ ఎవరి దగ్గరా లేదట. ఆయన ఉత్తరంలో అడిగిందల్లా, ఆ మనిషిని ఇప్పుడు ఎక్కడ వెతకాలని.