వర్క్‌షాప్ ప్రశ్నలు - జవాబులు: ఘనం లోపల ఘనం

ప్రశ్న: ఒకే లోహపు దిమ్మెలో ఒకదాని లోపల ఒకటిగా మూడు ఘనాలు విడివిడిగా కదులుతూ, బయటికి మాత్రం రాకుండా ఉండే అలంకార వస్తువును చూశాను. దానిని టర్నర్స్ క్యూబ్ అంటారని తెలిసింది. నా దగ్గర చేతితో నడిపే లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం), చిన్న మిల్లింగ్ మిషన్ (తిరిగే కత్తితో లోహాన్ని చదును చేసే యంత్రం) ఉన్నాయి. వీటితో అది సాధ్యమేనా? కొలతలు ఎలా నిర్ణయించుకోవాలి? లోపలి ఘనం విడిపోయే సమయంలో చెడిపోకుండా ఏం చేయాలి?

జవాబు: నిక్షేపంగా సాధ్యమే. ఈ వస్తువు లేత్ పనివారి పనితనానికి పరీక్షగా పేరుపడినది. ఆరు ముఖాల నుంచీ మెట్లుగా గుండ్రటి రంధ్రాలను సమతలమైన అడుగు వచ్చేలా తొలిస్తే, ఆ అడుగులే లోపలి ఘనపు ముఖాలవుతాయి. పక్కపక్క రంధ్రాలు లోపల కలిసినప్పుడు ఘనపు అంచులు బయటపడతాయి. చివరికి ఎనిమిది మూలల దగ్గర మాత్రమే లోహం పట్టుకొని ఉంటుంది. ఆ మూలలను అండర్‌కట్ టూల్‌తో, అంటే రంధ్రం లోపల పక్కకు కోసే పనిముట్టుతో, తెంచితే ఘనం విడిపోతుంది.

కొలతలకు ఆధారం ఒక్కటే: రంధ్రం వ్యాసం లోపలి ఘనపు భుజం కంటే ఎక్కువగానూ, దాని ముఖ కర్ణం కంటే, అంటే భుజానికి 1.414 రెట్ల కంటే, తక్కువగానూ ఉండాలి. భుజం కంటే తక్కువైతే అంచులు తెరుచుకోవు, కర్ణాన్ని మించితే ఘనం జారి బయటికి వచ్చేస్తుంది. ఉదాహరణకు బయటి ఘనం 60 మి.మీ. అనుకుందాం. 40 మి.మీ. వ్యాసంతో 14 మి.మీ. లోతుకు తొలిస్తే మధ్య ఘనం 32 మి.మీ. అవుతుంది, దాని కర్ణం 45.2 మి.మీ. కనుక 40 సరిపోతుంది. తర్వాత 21 మి.మీ. వ్యాసంతో బయటి ముఖం నుంచి 21.5 మి.మీ. లోతుకు వెళితే 17 మి.మీ. లోపలి ఘనం వస్తుంది. అండర్‌కట్ వ్యాసం ఆ కర్ణాలను కొద్దిగా దాటాలి: మధ్య ఘనానికి 46, లోపలిదానికి 24.6 మి.మీ. చాలు.

అందరూ భయపడేది అండర్‌కట్‌కే కానీ, నా అనుభవంలో వస్తువు అందం మొదటి రంధ్రం తొలవకముందే తేలిపోతుంది. లోతులన్నీ బయటి ముఖాల నుంచే కొలుస్తాం కనుక, బయటి ఘనం ఒక దిక్కున 0.1 మి.మీ. ఎక్కువైతే లోపలి రెండు ఘనాలూ అదే దిక్కున అంతే సాగుతాయి. 60లో కనిపించని తేడా 17లో కంటికి ఆనుతుంది. మూడు కొలతలూ 0.02 మి.మీ. లోపల కలిసేదాకా ముందుకు వెళ్లకండి. మిల్లింగ్ వైస్‌లో (లోహాన్ని బిగించి పట్టే పట్టకారులో) మొదట చదును చేసిన ముఖాన్ని కదలని దవడకు ఆనించి, కదిలే దవడ వైపు ఒక గుండ్రటి చువ్వను అడ్డంగా పెట్టి బిగిస్తే ఆ ముఖం దవడకు పూర్తిగా అతుక్కుంటుంది, తర్వాతి ముఖం దానికి లంబంగా వస్తుంది.

కేంద్రం పట్టడానికి పంచ్‌తో కొట్టిన గుర్తును నమ్మవద్దు. జాబ్‌ను, అంటే చేస్తున్న దిమ్మెను, నాలుగు దవడలూ విడివిడిగా కదిలే చక్‌లో (లేత్‌లో దిమ్మెను పట్టి తిప్పే భాగంలో), గీతలు పడకుండా పలుచని రాగి రేకులు పెట్టి బిగించి, సూక్ష్మమైన తేడాలను ముల్లుతో చూపే డయల్ గేజ్‌ను ఒక పక్క ముఖానికి తాకించి, చక్‌ను 180 డిగ్రీలు తిప్పి ఎదుటి ముఖాన్ని చూడండి. రెండు రీడింగుల తేడాలో సగం మేరకు జాబ్‌ను జరపాలి. మిగతా జత ముఖాలకూ ఇలాగే చేసి, ముందు ముఖం ఊగడం లేదని కూడా గేజ్‌తో చూసుకోవాలి. ఆరు ముఖాలకూ ఆరుసార్లు ఇదే తంతు. విసుగు పుట్టించేదే, కానీ దగ్గరి దారి లేదు.

ముందుగా చిన్న రంధ్రానికి డ్రిల్ వేసేటప్పుడు లోతును మొన నుంచి లెక్కించాలి. 118 డిగ్రీల మొన పొడవు వ్యాసంలో సుమారు 0.3 వంతు, 16 మి.మీ. డ్రిల్‌కు దాదాపు 4.8 మి.మీ. మొన అనుకున్న లోతును దాటితే లోపలి ఘనపు ముఖం మీద గుంట మిగిలిపోతుంది. ఆ రంధ్రాన్ని పెద్దది చేసే బోరింగ్ టూల్ అడుగును కేంద్రం దాకా చదును చేయాలి కనుక టూల్‌ను పట్టే బార్ మందం రంధ్రపు వ్యాసార్ధం కంటే తక్కువ ఉండాలి; టూల్ ఎత్తు సరిగ్గా కేంద్రానికి లేకపోతే నడుమ చిన్న బొడిపె నిలుస్తుంది. కోతకు అంచుల మీద లేచిన గరుకు పొరను చిన్న ఆకురాయితో అప్పటికప్పుడే తీసేయండి, ఘనం వదులయ్యాక దానిని పట్టుకోవడం కష్టం.

ఇక విడదీయడం. ఐదు ముఖాలు పూర్తయినా లోపలి ఘనం ఆరో వైపు లోహంతో గట్టిగానే ఉంటుంది కనుక, జాగ్రత్త అంతా ఆఖరి ముఖానికే. తొలిచిన ఐదు రంధ్రాలలోనూ సరిగ్గా పట్టే, మెట్లున్న ప్లాస్టిక్ బిరడాలు పెట్టండి. నాలుగింటిని చక్ దవడలు, ఐదోదాన్ని చక్ ముఖం నొక్కి ఉంచుతాయి. టూల్ వాటి అంచులను కాస్త కొరికినా ఫరవాలేదు. మైనం పోసేవారున్నారు కానీ, కోత వేడికి అది మెత్తబడుతుంది కనుక నేను బిరడాలనే సిఫారసు చేస్తాను. ఆ ముఖంలో రెండు రంధ్రాలనూ తొలిచాక, ముందు చిన్న ఘనాన్ని అండర్‌కట్ చేసి, తర్వాతే మధ్యదాన్ని చేయాలి. మధ్య ఘనం ముందే వదులైతే లోపలిదానికి ఆధారం పోతుంది. వేగం నిమిషానికి 250 చుట్ల దగ్గర ఉంచి, టూల్‌ను చేతితో నెమ్మదిగా జరపండి.

ప్రశ్న: మొదటిసారి చేసేవారికి ఏ లోహం మంచిది?

జవాబు: అల్యూమినియం. కిరోసిన్ చుక్కలు వేస్తూ కోస్తే ముఖాలు నున్నగా వస్తాయి. ఇత్తడి మెరుపు దానికి రాదు, నిజమే. కానీ ఇత్తడికి పైతలం ఏటవాలు లేని టూల్ పెట్టకపోతే అది జాబ్‌లోకి గుచ్చుకొని లాగేస్తుంది. ఉక్కును మూడో ప్రయత్నానికి ఉంచుకోండి.