వేదాంతం సత్యనారాయణశర్మ ఎవరు? స్త్రీ పాత్ర అనగానే ఆయన పేరే ఎందుకు చెబుతారు?

పురుషులే స్త్రీ వేషం కట్టే కూచిపూడి సంప్రదాయంలో సత్యభామగా తిరుగులేని కీర్తి పొందిన నర్తకుడు, నటుడు వేదాంతం సత్యనారాయణశర్మ. కృష్ణా జిల్లా కూచిపూడిలో 1935లో జన్మించి, అన్నగారైన ప్రహ్లాదశర్మ వద్ద నాట్యం అభ్యసించిన ఆయన, చింతా కృష్ణమూర్తిగారి వెంకటరామ నాట్యమండలి ప్రదర్శనల్లో పేరు తెచ్చుకున్నారు.

భామాకలాపం అనే కూచిపూడి నృత్యనాటకంలో సత్యభామ తెర వెనుక నుంచి జడను ముందుకు వేసి, ‘భామనే, సత్యభామనే’ అనే ప్రవేశ దరువుతో, అంటే పాత్ర తనను పరిచయం చేసుకునే పాటతో, రంగం మీదికి వస్తుంది. తన గురించి తానే చెప్పుకొనే ఆ ఘట్టంలో గర్వం, ప్రేమ, అలక మూడూ చూపులోనూ మెడ కదలికలోనూ పలకాలి. ఆయన గొప్పతనమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం, ఎందుకంటే అది కేవలం ఆహార్యంతో, అంటే వేషభూషలతో, సాధ్యమయ్యేది కాదు. ఉషాపరిణయం అనే మరో నృత్యనాటకంలో ఉషగానూ ఆయన మెప్పించారు. 1970లో పద్మశ్రీ అందుకున్న శర్మగారు 2012లో కన్నుమూశారు.