నిశ్శబ్దమైన కంప్యూటరుకు నీళ్లా, గాలా?

విజయనగరం నుంచి కొత్తగా టొరంటో వచ్చి, నలుగురితో కలిసి బేస్‌మెంటులో ఉంటున్న మీరు, రాత్రిళ్లు పక్కవాళ్ల నిద్ర చెడకుండా కంప్యూటరు నడవాలంటే ప్రాసెసరుకు, అంటే లెక్కలు చేస్తూ వేడెక్కే చిప్పుకు, నీళ్లు తిప్పి చల్లార్చే వాటర్ కూలర్ పెట్టాలా, లోహపు రేకులూ ఫ్యానూ ఉండే ఎయిర్ కూలర్ చాలునా అని అడిగారు. ఎయిర్ కూలరే కొనండి బాబూ. ఎందుకో చెప్పాలంటే 2017లో నేను తగలేసిన డబ్బు సంగతి చెప్పాలి.

శ్రీకాకుళంలో ఉన్నప్పుడే నాకు కంప్యూటర్లు విప్పి బిగించడం వచ్చు. ఆ ధీమాయే కొంప ముంచింది. ఇక్కడి మొదటి చలికాలంలో, పార్ట్‌టైం జీతం చేతిలో పడగానే, నీళ్లయితే చప్పుడుండదన్న నమ్మకంతో 150 కెనడా డాలర్లు పోసి 240 మిల్లీమీటర్ల రేడియేటరు (నీళ్ల వేడిని గాలికి వదిలే రేకుల పలక) ఉన్న వాటర్ కూలర్ కొన్నాను. అప్పటి మారకంలో అది దాదాపు ఏడున్నర వేల రూపాయలు. ఆ లెక్క వేసుకున్నది మాత్రం డబ్బు కట్టాక. తీరా విప్పి చూస్తే ఆ రేడియేటరుకూ రెండు ఫ్యాన్లున్నాయి. నీళ్లు వేడిని మోసుకుపోతాయే గానీ మింగేయవు. చివరికి దాన్ని గదిలోకి తోలవలసింది ఫ్యానే. పైగా పంపు ఒకటి అదనం, పని ఉన్నా లేకున్నా అది తిరుగుతూనే ఉంటుంది.

చోటు చాలక రేడియేటరును కేసు, అంటే కంప్యూటరు పెట్టె, అడుగున బిగించాను. ఆ గొట్టాల్లో ఎప్పుడూ కాస్త గాలి ఉంటుంది, అది ఎత్తైన చోటికి చేరుతుంది. నా బిగింపులో ఎత్తైన చోటు పంపే అయింది. బావిలో నీరు అడుగంటినప్పుడు నరసన్నపేట దగ్గరి మా చేలో మోటారు గాలి పీల్చుకుంటూ గరగరలాడేది. అర్ధరాత్రి నా బల్ల మీద అచ్చం అదే చప్పుడు. పక్క పరుపు మీది పార్వతీపురం కుర్రాడు దుప్పట్లోంచి తల బయటపెట్టి, "అన్నయ్యా, టీ పెడతన్నావేటి?" అన్నాడు. రేడియేటరును కేసు పైకప్పుకు బిగించి ఉంటే ఆ గరగర ఉండేది కాదని తరవాత తెలిసింది. అప్పటికే దాన్ని సగం ధరకు అమ్మేశాను. పోయిన 75 డాలర్లు ఆ నెల ఇంటికి పంపవలసిన సొమ్ములోవి.

ఆ తరవాత 45 డాలర్లకు కొన్న ఎయిర్ కూలర్ నేటికీ నడుస్తోంది. ఇన్నేళ్లలో ఫ్యాను ఒక్కసారి మార్చాను. మూసి అమ్మే వాటర్ కూలర్లో పంపు చెడితే మొత్తం పారేయవలసిందే. వారంటీ షరతులూ, మీ ఇంటి అద్దె ఒప్పందంలో రాత్రి చప్పుళ్ల నిబంధనలూ మీరే చూసుకోగలరు.

చప్పుడు తగ్గేది ఫ్యాను నెమ్మదిగా తిరిగినప్పుడు. వేగం సగమైతే శబ్దం సుమారు 15 డెసిబెళ్లు తగ్గుతుంది. అందుకే 120 లేదా 140 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యాను, దాని వెనక దిట్టమైన రేకుల దొంతర ఉన్న కూలర్ ఎంచుకోవాలి. 65 వాట్లని రాసి ఉన్న ఏఎండీ రైజెన్ ప్రాసెసరు 88 వాట్ల దాకా తీసుకుంటుంది. ఆ మాత్రం వేడి దీనికి లెక్క కాదు. రెండు వందల వాట్లు దాటే ప్రాసెసరుతో గంటల తరబడి వీడియోలు రెండరింగ్ చేసేవారికి, అంటే కూర్చి తుది ఫైలు తీసేవారికి, వాటర్ కూలర్ అక్కరకొస్తుంది. పాఠాలూ ప్రోగ్రాములూ చేసుకునే మీకు ఆ ఖర్చు దేనికి?

బయోస్‌లో, అంటే కంప్యూటరు ఆన్ చేయగానే తెరుచుకోగల సెట్టింగుల తెరలో, ఫ్యాను వేగం మెల్లగా పెరిగేలా పెట్టుకోండి. ఒకే తీరు హోరుకు చెవి అలవాటు పడుతుంది గానీ, క్షణానికోసారి లేచి పడే హోరుకు పడదు. కూలర్ అడుగున ఉండే పల్చని ప్లాస్టిక్ పొర తీయడం మరవకండి. నేను మరిచి, ప్రాసెసరు కాలిపోతోందని రెండు గంటలు కంగారు పడ్డాను. పెద్ద కూలర్లు కొన్ని 165 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి, చిన్న కేసులో తలుపు మూసుకోదు. డబ్బు కట్టకముందే కేసు లోపల ప్రాసెసరు పైభాగం నుంచి పక్క తలుపు దాకా కొలవండి. దానికోసం కొత్త టేపు కొనకండి, ఇంటి ఓనరును అడిగితే ఇస్తాడు.