కరెంటు ఇచ్చే ముందు ఈ ఉత్తరం చదువు

చిరంజీవి అమ్మలుకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఎక్కడో పాత సామాన్ల వాళ్ల దగ్గర బీబీసీ మైక్రో అనే పాత కంప్యూటరు కొన్నావని, వచ్చే ఆదివారం దానికి కరెంటు ఇచ్చి చూడబోతున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. 1981లో ఇంగ్లండులో పుట్టిన ఆ పెట్టె మీద ఈ ఇంట్లో మూడో తరం మనసు పడిందంటే గర్వంగానే ఉంది కానీ, ‘ఆదివారం’ అన్న మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నోటితో చెబితే ‘సరే తాతయ్యా’ అంటూనే స్క్రూలు విప్పుతావు కనుక కాగితం మీద పెడుతున్నాను.

ముందు పవర్ సప్లై సంగతి. మెయిన్స్ తీగ లోపలికి వచ్చే చోట పసుపు ఛాయలో, గాజులా పారదర్శకంగా కనిపించే రెండు చిన్న దిమ్మలు ఉంటాయి, అవి 0.1, 0.01 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు. లోపల ఉన్నది లోహపు పూత పూసిన కాగితం. ఏళ్లు గడిచేకొద్దీ పై దిమ్మ సన్నగా పగిలి, ఆ పగుళ్లలోంచి తేమను పీల్చుకుంటుంది. స్విచ్చు వేయగానే ఏమీ జరగకపోవచ్చు. కాసేపు చక్కగా పనిచేసి, నువ్వు మురిసిపోతూ మీ అమ్మను పిలిచే వేళకు పెద్ద చప్పుడుతో పేలి గది నిండా కంపు పొగ నింపుతుంది. అందుకని కరెంటు ఇవ్వకముందే ఆ రెంటినీ తీయించి మెయిన్స్ కరెంటుకు తగిన ఎక్స్2 తరగతి కొత్తవి వేయించు. ‘వేయించు’ అన్నాను, ‘వేయి’ అనలేదు. ప్లగ్గు పీకిన తరువాత కూడా అందులోని పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. నువ్వెంత ఇంజనీరింగు చదివినా ఆ పవర్ సప్లై పెట్టెను మాత్రం అనుభవమున్న మెకానిక్ విప్పాలి, నువ్వు పక్కన నిలబడి చూడాలి. ఈ విషయంలో నాతో వాదించవద్దు.

మీటల సందుల్లో దుమ్మును మెత్తని కుంచెతో తుడువు. పసుపెక్కిన ప్లాస్టిక్కును తెల్లబరచడానికి పెరాక్సైడు పూసి ఎండలో పెట్టే పద్ధతి ఉందట, నా మాట విని ఆ రంగు అలాగే ఉంచు. నడినెత్తిన గాజు కిటికీ ఉన్న చిప్పు ఏదైనా కనిపిస్తే దాని మీది స్టిక్కరు పీకకు, వెలుతురులోని అతినీలలోహిత కిరణాలకు లోపలి ప్రోగ్రాము చెరిగిపోతుంది.

ఇక ఫ్లాపీలు, అంటే ప్రోగ్రాములు దాచుకునే పలుచని అయస్కాంతపు పళ్లాలు. అసలు ఈ ఉత్తరం వీటి కోసమే.

1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద పాఠశాలలకు ఈ యంత్రాలను పంచడం మొదలుపెట్టింది. కొంతకాలానికి మా బడికీ వచ్చాయి. భౌతికశాస్త్రం చెప్పే నన్ను కొద్ది రోజుల శిక్షణకు పంపి, తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఆ గదిలో తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అమ్మ ఒక పనికి పూనుకుంది. ఆ యంత్రంలో వీడీయూ 23 అనే ఆజ్ఞ ఇచ్చి, ఎనిమిది అడ్డగళ్లు, ఎనిమిది నిలువుగళ్లలో మనకు కావలసిన అక్షరాన్ని చుక్కలతో గీసుకోవచ్చు. మామూలుగా 224 నుంచి 255 వరకు, అంటే 32 అక్షరాలకే చోటు. మన వర్ణమాల అందులో పట్టదు. ‘ఋ’ ఒక అక్షరపు చోటులో ఇమడదు. ‘శ్రీ’కి అటువంటి నాలుగు చోట్లు కలిపి అతకాలి. గళ్ల నోటుపుస్తకంలో పెన్సిలుతో గీసి, చెరిపి, మళ్లీ గీసి ఆ పిల్ల ఒక వేసవి సెలవులంతా దాని మీదే గడిపింది. తెర మీద ‘అమ్మ’ అని తెలుగులో కనిపించిన రోజున మీ అమ్మమ్మను బడికి పిలిపించి చూపించాను.

తరువాత బడి వాళ్లు ఆ యంత్రాలను తీసివేస్తున్నప్పుడు ఒకదాన్నీ, ఫ్లాపీలను చదివే ఒక డ్రైవునీ, పన్నెండు ఫ్లాపీలనూ అనుమతి తీసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. నరసాపురం గాలి సంగతి నీకు తెలుసు కదా, అప్పడాలే రెండు రోజులకు మెత్తబడతాయి. అటువంటి ఊళ్లో పదేళ్లు బీరువా మీద వదిలేసి, 2006లో ఒక మధ్యాహ్నం సరదా పుట్టి డ్రైవులో మొదటి ఫ్లాపీ పెట్టాను. గీరుతున్న చప్పుడు వచ్చింది, చదవలేదు. తీసి రెండోది పెట్టాను. అదీ చదవలేదు. ఆగి ఆలోచించవలసిన చోట నాకు పంతం వచ్చింది. ఇది కాకపోతే అది అంటూ వరుసగా పదకొండు పెట్టాను. చివరికి ఒకదాన్ని వెలుతురుకు పట్టి చూస్తే గోధుమరంగు పూత వలయంలా లేచిపోయి అవతలి కిటికీ కనబడింది. జరిగిందేమిటంటే, మొదటిదాని మీది బూజూ, గీరుకుపోయిన పూతా డ్రైవులో ఫ్లాపీని తాకి చదివే హెడ్డుకు అంటుకుని, తరువాత పెట్టిన ప్రతిదాన్నీ ఉలిలా చెక్కాయి. ఒక్కటి పోవలసిన చోట పదకొండు పోయాయి. బూజు పట్టి పాడయ్యాయని మీ అమ్మకు చెప్పాను. అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. ‘పోనీలెండి నాన్నా’ అని ఊరుకుంది.

కనుక, తల్లీ, ఏ ఫ్లాపీనైనా ముందు వేళ్లతో మెల్లగా తిప్పుతూ కోలగా ఉన్న కిటికీలోంచి చూడు. తెల్లని మచ్చ ఒక్కటి కనిపించినా డ్రైవు దగ్గరికి తీసుకుపోకు. కవరు అంచు కత్తిరించి, లోపలి పళ్లాన్ని అంచు పట్టుకుని బయటికి తీసి, ఒక చుక్క సబ్బు కలిపిన డిస్టిల్డ్ నీటితో మెత్తగా కడిగి, నీడలో ఆరబెట్టి, శుభ్రమైన వేరే కవరులో పెట్టాలి. ఈ పని ముందు అక్కరలేని ఫ్లాపీ మీద చేతికి అలవాటు చేసుకో. ఒక్కొక్క ఫ్లాపీ అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదిపుల్లతో హెడ్డు తుడవాలి. చదవడమంటూ జరిగితే గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు పెట్టి, అయస్కాంతపు గుర్తులను ఉన్నవి ఉన్నట్టుగా ఇప్పటి కంప్యూటరులోకి ఎక్కించుకో. రెండోసారి చదువుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

పన్నెండోది ఆనాడు నేను డ్రైవులో పెట్టలేదు. దాని చీటీ మీద మీ అమ్మ చేతివ్రాతతో ‘తెలుగు – 2’ అని ఉంది. బియ్యపు డబ్బాలో పోసినట్టు తేమను పీల్చే సిలికా జెల్ సంచుల మధ్య ఇన్నేళ్లుగా దాచాను, నిన్న రాత్రి మళ్లీ తీసి చూశాను. అంచు దగ్గర రెండు తెల్లని మచ్చలు ఉన్నాయి. కొరియరులో పంపను. హెడ్డు తుడవడం చేతికి వచ్చాక నువ్వే వచ్చి తీసుకువెళ్లు. అందాకా మీ అమ్మతో ఏమీ అనకు.

ఆశీస్సులతో,
తాతయ్య