శబ్దం వినబడుతుంది, మాట అందదు

వినికిడి లోపం గురించి వచ్చిన ఉత్తరాలలో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరం రాసినవారికి ఆ రోజే విడిగా సమాధానం పంపాను. అదే స్థితిలో ఉన్న మరొకరు ఆలస్యం చేయకూడదని దానిని ఇక్కడ ముందుగా ఇస్తున్నాను.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. నాలుగు రోజుల కిందట నిద్ర లేచేసరికి ఎడమ చెవి పూర్తిగా మూసుకుపోయినట్టు అనిపించింది. లోపల సన్నని హోరు కూడా ఉంది. నొప్పి లేదు. జలుబు వల్ల అయి ఉంటుందని ఊరుకున్నాను. ఇంకో వారం చూడవచ్చునా?

జవాబు: ఒక్క రోజు కూడా చూడవద్దు. జలుబు వల్ల చెవి మూసుకుపోవడం, గులిమి అడ్డుపడడం వంటి చిన్న కారణాలు ఉండవచ్చు. అయితే లోపలి చెవి లేదా వినికిడి నాడి హఠాత్తుగా దెబ్బతిన్నప్పుడు కూడా మనిషికి అచ్చం ఇలాగే ఉంటుంది, ఆ తేడా ఇంట్లో కూర్చుని తేల్చుకోగలిగినది కాదు. చెవి నిపుణులు చెవిలోకి చూసి, శ్రుతిదండంతో (ట్యూనింగ్ ఫోర్క్) పరీక్షించి, వినికిడి పరీక్ష చేయిస్తే విషయం ఆ పూటకే తేలిపోతుంది. వినికిడి ఇలా హఠాత్తుగా, అంటే 72 గంటలు మించని వ్యవధిలో, పడిపోయిందని తేలితే సాధారణంగా స్టెరాయిడ్ మందులు ఇస్తారు, మొదటి రెండు వారాలలో ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. వాటితో ఫలితం రానప్పుడు కర్ణభేరి వెనక్కి ఇంజెక్షన్ రూపంలో ఆ మందునే ఇచ్చే పద్ధతి కూడా ఉంది. నాడి మీద గడ్డ వంటిది లేదని నిర్ధారించుకోవడానికి ఎంఆర్ఐ చేయిస్తారు. నొప్పి లేదన్న ధైర్యంతోనే చాలామంది ఈ విలువైన రోజులను పోగొట్టుకుంటున్నారు.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. నాలుగైదేళ్లుగా చెవులు సరిగా వినబడడం లేదు. రెండేళ్ల కిందట వినికిడి యంత్రం కొనిచ్చాము. పది రోజులు పెట్టుకుని, ‘గోల తప్ప మాట వినబడడం లేదు’ అంటూ తీసి పెట్టెలో పెట్టేశారు. ఒకప్పుడు నలుగురి మధ్య కూర్చుని గంటల తరబడి కబుర్లు చెప్పిన మనిషి ఇప్పుడు ఇంటికి ఎవరైనా వస్తే లేచి గదిలోకి వెళ్లిపోతున్నారు. పిలిస్తే పలకరు, గట్టిగా పిలిస్తే ‘ఎందుకలా అరుస్తావు’ అని కోప్పడతారు. ఆపరేషన్‌తో నయమవుతుందా? ఈ వయసులో ఇంక ఇంతేనా?

జవాబు: ఇంక ఇంతే అనుకోవద్దమ్మా. ‘గోల తప్ప మాట వినబడడం లేదు’ అని మీ నాన్నగారు అన్నది సాకు కాదు. ఆయనకున్న ఇబ్బందిని అంతకన్నా కచ్చితంగా నేను కూడా చెప్పలేను. వయసుతో వచ్చే వినికిడి లోపంలో మొదట దెబ్బతినేవి సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు. మన మాటలో అచ్చుల బలమంతా కింది స్థాయిలో ఉంటుంది కాబట్టి అవి చెవికి చేరుతూనే ఉంటాయి. క, త, ప వంటి పరుషాలు, స, శ వంటి అక్షరాలు మాత్రం జారిపోతాయి. ‘తాత’ అన్నా ‘పాప’ అన్నా ఆయనకు అందేవి ‘ఆ’, ‘అ’ అనే రెండు అచ్చులే, మిగిలినది సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. ఇక మీరు గట్టిగా పిలిచినప్పుడు ఆయన కోప్పడడానికీ కారణం చెవిలోనే ఉంది. లోపలి చెవి దెబ్బతిన్నవారికి చిన్న శబ్దం అసలు వినబడదు, కాస్త పెంచగానే అదే శబ్దం భరించలేనంత పెద్దదవుతుంది. వినబడడానికీ బాధించడానికీ మధ్య ఉండవలసిన ఎడం వారికి తగ్గిపోయి ఉంటుంది. దీనిని మొండితనంగా తీసుకోకండి.

ఆపరేషన్ సంగతి లోపం ఎక్కడ ఉన్నదన్న దానిని బట్టి ఉంటుంది. గులిమి గట్టిపడి అడ్డుపడితే శుభ్రం చేస్తే చాలు. కర్ణభేరికి చిల్లు పడినా, మధ్య చెవిలో నీరు చేరినా దానికి తగిన చికిత్స ఉంది. మధ్య చెవిలోని అతి చిన్న ఎముక అయిన స్టేపీస్ బిగుసుకుపోయే జబ్బు ఒకటి ఉంది. ఆ ఎముకను తొలగించి టెఫ్లాన్‌తో చేసిన చిన్న అమరికను పెట్టే శస్త్రచికిత్సను 1956లో జాన్ షే అనే అమెరికన్ వైద్యుడు చేసి చూపినప్పటి నుంచి ఆ రోగులలో అత్యధికులకు మేలు జరుగుతోంది. లోపలి చెవిలో ఉన్న కాక్లియా విషయం వేరు. అందులో సుమారు 15,000 సూక్ష్మమైన వెంట్రుక కణాలు ఉంటాయి, మనిషిలో అవి ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. వయసుతో పోయిన ఈ వినికిడిని తిరిగి తెచ్చే మాత్ర గానీ, చుక్కల మందు గానీ ఇప్పటికి లేవు. ఉన్నాయని చెప్పేవారికి డబ్బు ఇవ్వకండి.

కాబట్టి మీరు మొదట చేయవలసినది కొత్త ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష ఫలితాన్ని చూపే పటం, తీయించడం. రెండేళ్లలో వినికిడి మారి ఉండవచ్చు. ఆ కాగితం మీద కుడి చెవికి ఎర్రని సున్నాలు, ఎడమ చెవికి నీలి రంగు ఇంటూ గుర్తులు ఉంటాయి. ఎడమ వైపున పైన మొదలైన గీత కుడి వైపుకు వచ్చేసరికి మెట్లు దిగినట్టు కిందికి జారుతుంటే, నేను పైన చెప్పిన లోపం అదే. శబ్దాన్ని చెవి గొట్టం ద్వారా ఒకసారి, చెవి వెనక ఎముక ద్వారా మరోసారి పంపి చూస్తారు. ఈ రెండు గీతల మధ్య ఎడం ఎక్కువగా ఉంటే శస్త్రచికిత్సకు అవకాశం ఉందేమో అడగండి.

రెండవది, ఆ పెట్టె తెరిచి యంత్రాన్ని వెలుతురులో చూడండి. చెవిలోకి వెళ్లే కొన దగ్గర జల్లెడ లాంటి చిన్న మూత ఉంటుంది. చాలాసార్లు అది గులిమితో పూడిపోయి ఉంటుంది. పది నిమిషాల్లో మార్చగలిగిన ఆ మూత కారణంగా ‘ఇది పని చేయదు’ అన్న పేరు పడి, ఏళ్ల తరబడి మూలన పడిన యంత్రాలను నేను చాలా చూశాను. పని చేస్తున్న యంత్రమైనా సరే, ఆ చెవికి తగ్గట్టు అమర్చకపోతే నిజంగా గోలే మిగులుతుంది. చెవిలో సన్నని గొట్టం ఉంచి, యంత్రం నుంచి కర్ణభేరి దగ్గరికి ఎంత శబ్దం చేరుతోందో కొలిచి సరిచేసే పద్ధతి ఉంది. వినికిడి పరీక్షలు చేసి యంత్రాలు అమర్చే ఆడియాలజిస్టును అది చేస్తారా అని అడగండి. తన గొంతు తనకే బిందెలోంచి మాట్లాడినట్టు మోగుతోందని నాన్నగారు అంటే గాలి ఆడే కొనను మార్చవచ్చు. రెండు చెవులకూ లోపం ఉన్నప్పుడు ఒకే చెవికి యంత్రం పెట్టడం కూడా ఒక పొరపాటు. శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియాలన్నా, నలుగురిలో ఒకరి మాట పట్టుకోవాలన్నా రెండు చెవులూ కావాలి.

పది రోజులు అన్నది అలవాటు పడడానికి చాలని కాలం. ఏళ్ల తరబడి వినని ఫ్యాను చప్పుడు, పాత్రల చప్పుడు ఒక్కసారిగా మీద పడితే మెదడు తట్టుకోలేదు. మొదటి వారం ప్రశాంతంగా ఉన్న గదిలో, ఒక్కరితో మాట్లాడుతూ, రోజుకు కొన్ని గంటలు పెట్టుకుని, తరువాత సమయాన్నీ మనుషుల సంఖ్యనూ నెమ్మదిగా పెంచుకుంటూ పోతే వారాల నుంచి కొన్ని నెలల లోపల తేడా తెలుస్తుంది. ఈలోగా కనీసం రెండు మూడు సార్లు వెళ్లి సరిచేయించుకోవాలి.

ఆయన గదిలోకి వెళ్లిపోవడం గురించి మీరు రాసిన వాక్యం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. చెవి తగ్గినవారిని నలుగురిలో గమనించండి. అందరూ నవ్విన తరువాత, మిగిలినవారి ముఖాలు చూసి ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతారు. ప్రతి మాటనూ ఊహించుకుంటూ ఒక గంట కూర్చుంటే వచ్చే అలసట ఎంతటిదో మనకు తెలియదు. ఆ అలసట నుంచీ, తప్పు జవాబు చెబితే కలిగే చిన్నతనం నుంచీ తప్పించుకోవడానికే వారు లేచి వెళతారు, ఆ ఏకాంతమే క్రమంగా దిగులుగా మారుతుంది. చికిత్స వల్ల ఇక్కడ మార్పు వస్తుందనడానికి ఆధారాలు ఉన్నాయి. స్వల్ప, మధ్యస్థాయి లోపం ఉన్న పెద్దవారి మీద జరిగిన ఐదు అధ్యయనాలను, వైద్య పరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2017లో సమీక్షించి, వినికిడి యంత్రాలతో వినే శక్తి ఒక్కటే కాక రోజువారీ జీవితం కూడా మెరుగుపడుతోందని తేల్చింది.

ఇంట్లోవారు చేయవలసినవి కూడా ఉన్నాయి. ముందు ఆయనను పిలిచి, ఆయన మీ వైపు తిరిగాక, మీ ముఖం మీద వెలుతురు పడేలా ఎదురుగా ఉండి, మామూలు గొంతుతోనే కాస్త నిదానంగా మాట్లాడండి. టీవీ ఆపండి. అర్థం కాకపోతే అదే మాటను పెద్దగా అనకుండా వేరే మాటల్లో చెప్పండి. ‘ఏం లేదులెండి’ అని మాత్రం ఎన్నడూ అనవద్దు. ఆ మాట విన్న ప్రతిసారీ వారు గదికి ఒక అడుగు దగ్గరవుతారు.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. చెవి కొద్దిగా తగ్గింది. యంత్రం పెట్టుకోకపోతే మతిమరుపు జబ్బు తప్పదని ఒకరు భయపెట్టారు. నిజమేనా?

జవాబు: తప్పదనడం సరికాదు. వినికిడి తగ్గినవారిలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి, లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ కూడా 2024లో ప్రకటించిన 14 నివారించదగిన కారణాలలో దీనిని చేర్చింది. అయితే రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ప్రతి ఒక్కరిలో ఒకటి రెండవదానికి దారి తీస్తుందని కాదు. చికిత్స వల్ల మతి నిలుస్తుందా అని నేరుగా పరీక్షించిన అధ్యయనం 2023లో వెలువడింది. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల మధ్య ఉన్న 977 మందిని మూడేళ్లు గమనించారు. మొత్తం మీద చూస్తే తేడా రాలేదు. గుండె ఆరోగ్యం వంటి కారణాల వల్ల ముప్పు ఎక్కువగా ఉన్న వర్గంలో మాత్రం ఆలోచనాశక్తి క్షీణత 48 శాతం తగ్గింది. అదే అధ్యయనంలో చికిత్స పొందినవారు, పొందనివారితో పోలిస్తే, తమకు దగ్గరైన మనుషులలో సగటున ఒకరిని ఎక్కువగా నిలుపుకోగలిగారు. భయంతో కాక, ఆ ఒక్క మనిషి కోసమైనా మీరు పరీక్ష చేయించుకుంటే నాకు సంతోషం.

ప్రశ్న: నా వయసు 59. రెండు చెవులకూ బలమైన యంత్రాలు పెట్టుకున్నా మాటలు అర్థం కావడం లేదు. కాక్లియర్ ఇంప్లాంట్ చేయించుకోమన్నారు. మునుపటిలా వినగలనా?

జవాబు: మునుపటిలా వినబడదు, కానీ మాట మళ్లీ అందే అవకాశం బాగా ఉంది. మాట నేర్చుకుని పెరిగిన తరువాత వినికిడి పోగొట్టుకున్నవారు మీరు. అటువంటివారికి ఈ చికిత్స సాధారణంగా మంచి ఫలితం ఇస్తుంది. యంత్రం శబ్దాన్ని పెంచుతుంది, ఇంప్లాంట్ మాత్రం దెబ్బతిన్న కణాలను దాటి నాడికి నేరుగా విద్యుత్ సంకేతాలను పంపుతుంది. 15,000 కణాలు చేసే పనిని 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు చేయాలి కాబట్టి, శస్త్రచికిత్స జరిగిన కొన్ని వారాలకు దానిని మొదటిసారి ఆన్ చేసినప్పుడు మాటలు కీచుగా, బొమ్మలు మాట్లాడినట్టు వినబడవచ్చు. ఆ రోజు నిరుత్సాహపడి వెనక్కి తగ్గకండి. రోజూ సాధన చేస్తే నెలల తరబడి మెరుగుదల కొనసాగుతుంది. సంగీతం మాత్రం చాలామందికి పాత రుచిని ఇవ్వదు.

ఆపరేషన్ చేసిన చెవిలో మిగిలిన సహజమైన వినికిడి పోవచ్చునని, కొన్నాళ్లు తల తిరగడం, నాలుక రుచి మారడం ఉండవచ్చునని ముందే తెలుసుకోండి. మెదడు పొరల వాపు రాకుండా టీకా వేయించుకోవాలి. సంతకం పెట్టే ముందు, మీ వయసులో ఇంప్లాంట్ చేయించుకుని ఏడాది దాటిన ఒకరిద్దరిని కలిపించమని వైద్యులను అడగండి. వారి ఎదురుగా కూర్చుని, పెదవులు చూడకుండా వారు మీ మాటను ఎంత పట్టుకోగలుగుతున్నారో మీరే గమనించండి.