లైటు వెలుగుతుంది, బాక్సు మాత్రం లేవదు

ప్రశ్న: మా డీటీహెచ్ బాక్సుకు ఎర్ర లైటు వెలుగుతోంది. ఆన్ చేస్తే కంపెనీ లోగో వస్తుంది, అయిదారు సెకన్లకు తెర నల్లబడుతుంది, మళ్లీ లోగో. ఇలా తిరుగుతూనే ఉంటుంది. పది రోజుల కిందట పెద్ద వాన పడింది, అప్పటి నుంచే ఈ గోల. సర్వీసుకు ఫోన్ చేస్తే సాఫ్ట్‌వేర్ పోయింది, కొత్త బాక్సు తీసుకోండి అంటున్నారు. నిజంగానే పోయిందా? – కాకినాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: బాక్సును కళ్లతో చూడకుండా ఫోన్లోనే పోయిందని తేల్చేస్తే ఎలా అండీ! లోగో వస్తోందంటే లోపల ప్రాణం ఉన్నట్టే. ముందు కరెంటు సంగతి చూద్దాం, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత.

కిందటి దసరాకు ఇల్లు దులుపుతూ టీవీ వెనక వైర్లన్నీ పీకాను. తిరిగి పెట్టేటప్పుడు రౌటర్ అడాప్టర్‌ను సెట్‌టాప్ బాక్సుకు గుచ్చాను. రెండింటి పిన్నూ ఒకటే సైజు, బాగానే పట్టింది. ఎర్ర లైటు వెలిగింది, లోగో వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. అచ్చం మీ బాక్సులాగే. సాఫ్ట్‌వేరే చెడిందనుకుని రెండు సాయంత్రాలు రీసెట్లు చేస్తూ కూర్చున్నాను. మూడో రోజు మా ఆవిడ వచ్చి, ‘ఆ అడాప్టర్ మీద 9 వోల్టులని ఉంది, బాక్సు వెనక 12 అని ఉంది, పర్వాలేదా?’ అంది. పాఠకులకు సలహాలిచ్చే మనిషిని, ఏం చెప్పను!

విషయం ఏమిటంటే, ఎర్ర లైటు వెలగడానికి కొన్ని మిల్లీయాంపులు చాలు. బాక్సు లేచేటప్పుడు మాత్రం ప్రాసెసర్, మెమరీ, ట్యూనర్ అన్నీ ఒక్కసారిగా కరెంటు లాగుతాయి. అడాప్టర్ ఆ బరువు మోయలేకపోతే వోల్టేజీ పడిపోతుంది, ప్రాసెసర్ ఆగి మళ్లీ మొదటికొస్తుంది. నాలుగైదేళ్లు వాడిన అడాప్టర్లోనూ ఇదే జరుగుతుంది. లోపల కరెంటును కాసేపు దాచి నిలకడగా అందించే కెపాసిటర్లు ఎండిపోయి బలం తగ్గుతుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే శుభ్రంగా 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే అప్పుడు దాని మీద బరువేమీ లేదు. అందుకే మీటర్ కంటే పక్కింటి అడాప్టర్ నమ్మకం. అదే కంపెనీ బాక్సు ఎవరింట్లో ఉన్నా ఓ పది నిమిషాలు అడిగి తెచ్చుకోండి. వేరేది కొనాల్సి వస్తే వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. యాంపియర్లు అంతే ఉన్నా, ఎక్కువున్నా ఇబ్బంది లేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. వోల్టులు ఎక్కువైతే బాక్సు కాలిపోవచ్చు.

ఇక మీరు రాసిన వాన మాట దగ్గర నాకు అసలు అనుమానం. డిష్ నుంచి వచ్చే కేబుల్ సిగ్నల్ మోసుకొస్తుందనే అందరికీ తెలుసు. అదే కేబుల్లో బాక్సు నుంచి పైకి కరెంటు కూడా వెళ్తుంది. డిష్ మీద ఉండి శాటిలైట్ సిగ్నల్‌ను పట్టి కిందికి పంపే ఎల్‌ఎన్‌బీ పనిచేయడానికి బాక్సే 13 లేదా 18 వోల్టులు పంపాలి. కనెక్టర్లోకి నీళ్లు దిగినా, పైన అల్లికగా ఉండే సన్న తీగల్లో ఒక్క వెంట్రుక మధ్య రాగి తీగను తాకినా షార్ట్ అవుతుంది. కొన్ని బాక్సులు ఆ దెబ్బకు లేవలేక మళ్లీ మళ్లీ మొదలవుతాయి.

పరీక్ష చాలా సులువు. ప్లగ్గు తీసేయండి. వెనక డిష్ కేబుల్ మర విప్పి పక్కన పెట్టండి. హెచ్‌డీఎంఐ తప్ప మిగతావి, పెన్‌డ్రైవ్‌తో సహా, అన్నీ తీసేయండి. అయిదు నిమిషాలాగి కరెంటు ఇవ్వండి. లోగో దాటి ‘సిగ్నల్ లేదు’ అనే తెర వచ్చిందా, మీ బాక్సు బంగారంలా ఉన్నట్టే. తప్పు కేబుల్‌దో, ఎల్‌ఎన్‌బీదో. ముందు కనెక్టర్ విప్పి చూడండి. రాగి తీగ పచ్చగా, నల్లగా మారి ఉంటే చివర రెండంగుళాలు కత్తిరించి కొత్త కనెక్టర్ వేయించండి. డిష్ దగ్గరున్న కొసను కూడా చూడమనండి, నీళ్లు దిగేది ఎక్కువగా అక్కడే.

కేబుల్ తీసినా, అడాప్టర్ మార్చినా లోగో దగ్గరే తిరుగుతుంటే అప్పుడు సాఫ్ట్‌వేర్‌ను అనుమానించాలి. చాలా డీటీహెచ్ బాక్సుల్లో లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ విడిగా ఉంటుంది. అసలు సాఫ్ట్‌వేర్ చెడితే అది శాటిలైట్ నుంచే కొత్తది దింపుకుంటుంది. దానికి డిష్ కేబుల్ ఉండాలి, కాబట్టి బాగుచేసిన కేబుల్ తిరిగి పెట్టండి. తెర మీద శాతం అంకె కదులుతుంటే అరగంటైనా ముట్టుకోకండి. సీరియల్ టైమైందని మధ్యలో స్విచ్ ఆపితే, అప్పటిదాకా బాగుపడే బాక్సు నిజంగానే పోవచ్చు. ఇన్వర్టర్ ఉంటే ఆ కాసేపు దాని మీద పెట్టండి.

ప్యాక్ పోతుందనే టెన్షన్ అక్కర్లేదు, మీ సబ్‌స్క్రిప్షన్ వివరాలు కంపెనీ దగ్గర ఉంటాయి. పోయేది మీరు రికార్డు చేసుకున్న కార్యక్రమాలే. అవి పెన్‌డ్రైవ్‌లో ఉన్నా సాధారణంగా ఆ బాక్సుకే తాళం వేసి ఉంటాయి, కొత్త బాక్సులో ఆడవు.

ప్రశ్న: ఆన్‌లైన్లో కొన్న ఆండ్రాయిడ్ బాక్సు అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయింది. ఇప్పుడు లోగో దగ్గరే ఆగిపోతోంది. రీసెట్ బటన్ ఎక్కడా కనిపించడం లేదు. – సిద్దిపేట నుంచి ఒక విద్యార్థి

జవాబు: బటన్ ఉండే ఉంటుంది, దాచారంతే. మీ బాక్సు వెనక ఏవీ అని రాసిన గుండ్రటి రంధ్రం ఉందా? ఆమ్‌లాజిక్ చిప్పుతో వచ్చే చవక బాక్సుల్లో చాలావాటికి రీసెట్ మీట ఆ రంధ్రం అడుగున ఉంటుంది. టార్చి కొట్టి చూస్తే కనిపిస్తుంది. ప్లగ్గు తీసి, చెక్క టూత్‌పిక్‌తో నెమ్మదిగా నొక్కితే ‘టిక్’ మని చేతికి తెలుస్తుంది. అలా నొక్కి ఉంచే కరెంటు ఇవ్వండి, లోగో వచ్చాక కూడా పది ఇరవై సెకన్లు పట్టుకోండి. సూది, పిన్నీసు వంటివి వాడకండి. రికవరీ మెనూ వస్తే ముందు ‘వైప్ క్యాషే’ (తాత్కాలిక ఫైళ్లు చెరిపేయడం) ప్రయత్నించండి. కుదరకపోతే ‘ఫ్యాక్టరీ రీసెట్’. రిమోట్ పనిచేయకపోతే యూఎస్‌బీ కీబోర్డు పెట్టండి.

అదీ ఫలించకపోతే ఫర్మ్‌వేర్, అంటే బాక్సును నడిపే అసలు సాఫ్ట్‌వేర్, కొత్తగా ఎక్కించాలి. ఆమ్‌లాజిక్ వాటికి కంప్యూటర్లో నడిచే యూఎస్‌బీ బర్నింగ్ టూల్ ఉంది. రెండు కొసలా మామూలు యూఎస్‌బీ పిన్ను ఉండే కేబుల్ కావాలి. కష్టమంతా సరైన ఫైలు దొరకడంలోనే. డబ్బా మీది మోడల్ పేరు చూసి దింపుకోకండి. ఒకే పేరుతో లోపల నాలుగు రకాల బోర్డులు అమ్ముతుంటారు. మూత విప్పి బోర్డు మీద ముద్రించిన నంబరు, తేదీ, వైఫై చిప్పు పేరు ఫోటో తీసుకోండి. ఆ మూడూ కలిసిన ఫైలే ఎక్కించాలి. కలవకపోతే బాక్సు లేచినా వైఫై రాదు, రిమోట్ వినదు, ఒక్కోసారి అసలే లేవదు. ఫైలు ఎక్కడినుంచి తెస్తున్నారో కూడా చూసుకోండి. టీ95 అనే చవక బాక్సులో కొనేటప్పటికే మాల్‌వేర్ (హాని చేసే దొంగ ప్రోగ్రామ్) ఎక్కించి ఉన్నట్టు 2023 జనవరిలో బయటపడింది. బాక్సులకే దిక్కులేనప్పుడు ఎవరో ఎక్కించిన ఫైలుకు పూచీ ఎవరు? నా మటుకు నేనైతే రెండు వేల బాక్సు కోసం అంత దూరం వెళ్లను. మీరు చదువుకునే కుర్రాళ్లు, నేర్చుకోవాలనుంటే మాత్రం చెడిన బాక్సును మించిన పాఠం దొరకదు.

ప్రశ్న: ఫైర్ టీవీ స్టిక్ లోగో వచ్చి ఆరిపోతోంది. – బెంగళూరు నుంచి ఒక గృహిణి

జవాబు: టీవీ వెనకున్న యూఎస్‌బీకి గుచ్చారు కదూ? చాలా టీవీల్లో అక్కడ దొరికేది అర యాంపియరే. స్టిక్‌తో వచ్చిన అడాప్టర్ గోడకు పెట్టి చూడండి. అప్పటికీ అంతే అయితే రిమోట్‌లో బ్యాక్ బటన్, గుండ్రటి చక్రంలో కుడివైపు కలిపి పది సెకన్లు నొక్కితే రీసెట్ అడుగుతుంది.

ప్రశ్న: పాత కేబుల్ బాక్సు అసలు వెలగడం లేదు. మూత విప్పి చూడొచ్చా? – ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: విడి అడాప్టర్ ఉన్న బాక్సయితే ప్లగ్గు తీసి విప్పండి. పైభాగం ఉబ్బిన కెపాసిటర్ కనిపిస్తే టీవీ మెకానిక్ సులువుగానే మార్చేస్తాడు. గోడ ప్లగ్గు వైరు నేరుగా బాక్సులోకే వెళ్తుంటే మాత్రం వద్దు. అందులోని పెద్ద కెపాసిటర్ 300 వోల్టులకు పైగా దాచుకుంటుంది, ప్లగ్గు తీశాక కూడా కాసేపు షాక్ కొడుతుంది. పైగా అది అద్దె బాక్సయితే సీలు తీసినందుకు ఆపరేటర్ మీ దగ్గరే డబ్బు అడుగుతాడు.